దిష్టిబొమ్మకు తొడిగిన నైటీ

"అమ్మో, మంట! ఒరేయ్ త్రినాథూ, చచ్చిపోతున్నానురా! దీన్ని నా ఒంటిమీద నుంచి లాగెయ్యండ్రా!"

సుబ్బరావమ్మ కేక వీధి చివర పాలకేంద్రం దాకా వినిపించింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, పన్నెండు రోజుల క్రితం తుంటి ఎముకకు ఆపరేషనైన మనిషి, అంత గొంతు ఎక్కడ దాచుకుందో ఏమో!

కోటేశ్వరి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. చేతులకు ఇంకా ఇడ్లీ పిండి అంటుకునే ఉంది.

"ఏమైంది అత్తయ్యా? కుట్లు లాగుతున్నాయా?"

"కుట్లు కాదే, ఒళ్ళంతా మండుతోంది! దగ్గరికి రాకు. నువ్వు ముట్టుకున్నావంటే ఊరుకోను!"

మంచం మీద సుబ్బరావమ్మ మెలికలు తిరుగుతోంది. ఒంటిమీద కొత్త నైటీ. ఆకుపచ్చ మీద తెల్ల చుక్కలు, ముందు బొత్తాలు. ఈ నైటీ కోసం ఆసుపత్రి నుంచి వచ్చిందగ్గర్నుంచీ ఇంట్లో యుద్ధం జరిగింది. చీర కుచ్చిళ్ళు వాకర్‌లో ఇరుక్కుంటే మళ్ళీ పడతారని నర్సు చెప్పింది, డాక్టరు చెప్పాడు, కొడుకు బతిమాలాడు. చీర తప్ప ఇంకోటి ఒంటికి తగలనివ్వనని ఆవిడ దుప్పటి కప్పుకుని పడుకుంది. ఇవ్వాళ పొద్దున ఎనిమిదింటికి సరేనంది. తొమ్మిది కాకముందే ఈ కేక.

పెరటి కళ్ళంలో ఎండుతున్న మిరపకాయలు తిరగబోస్తున్న త్రినాథ్ తలగుడ్డ విప్పుకుంటూ లోపలికొచ్చాడు.

"ఏందమ్మా ఆ అరుపులు?"

"నీ పెళ్ళాన్ని అడుగు! నైటీకి కారం పట్టించి తొడిగిందిరా నాకు!"

త్రినాథ్ భార్య వంక చూశాడు. ఒక్క క్షణమే చూశాడు. కానీ ఆ చూపులో 'అబ్బే' లేదు, 'నిజమా' ఉంది. కోటేశ్వరి చేతికంటిన పిండి కొంగుకు తుడుచుకుంది.

"వెళ్ళి కరీమక్కను పిలుచుకురండి" అంది మొగుడితో. "నన్ను ముట్టుకోనివ్వడం లేదుగా."

కరీమున్ ఇల్లు రెండు గడపల అవతలే. మెడలో కొలత టేపుతోనే వచ్చేసింది. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లు, నైటీలు అన్నీ కుట్టేది ఆవిడే. ఈ ఆకుపచ్చ నైటీ కుట్టింది కూడా ఆవిడే. త్రినాథ్‌ను బయటికి తోలి, తలుపు వేసి, సుబ్బరావమ్మ ఒంటిమీద నుంచి నైటీ జాగ్రత్తగా తీసింది.

"యా అల్లా! వీపంతా ఎర్రగా కందిపోయిందే! కోటేశ్వరీ, పెరుగు తే. నీళ్ళు పొయ్యకు, మంట ఇంకా ఎక్కువవుద్ది. ఆ తరవాత కొబ్బరినూనె."

కోటేశ్వరి పెరుగు గిన్నె గుమ్మంలో పెట్టింది. కరీమున్ నైటీని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా తుమ్మింది. ఒకటి కాదు, నాలుగు.

"ఘాటు! ఇది మిరప దుమ్మే. దీన్ని ఎక్కడ ఆరేశావమ్మా?"

"దండెం నిండా చొక్కాలున్నాయక్కా. మబ్బు పట్టింది కదా నిన్న. గోడ మీద..."

"గోడ మీద ఏముంది?"

కోటేశ్వరి పెరటి వైపు చూసింది.

"ఏముందో నేను చెబుతా!" అంది సుబ్బరావమ్మ, దుప్పటి మెడదాకా లాక్కుంటూ. "పట్టా ఉంది. రాత్రిళ్ళు మంచుకు మిరపకాయల రాశి మీద కప్పే పట్టా. దాని మీద ఆరేసింది. ఏమ్మే కోటేశ్వరీ, ముప్పై ఏళ్ళు కళ్ళంలో కాయ ఎండబోసినదానివి. పట్టా మీద బట్ట ఆరేస్తే ఏమవుద్దో ఈ ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నీకు తెలీదా?"

తెలీకపోవడమా! ఈ ఊరి ఆడదానికి మిరప దుమ్ము సంగతి ఒకరు చెప్పాలా? కోతల కాలంలో చంటిపిల్లల గుడ్డలు ఇంట్లో తాడు కట్టి ఆరేస్తారు. కళ్ళం వైపు గాలి తోలుతుంటే తువ్వాళ్ళు కూడా బయట వెయ్యరు. పొరపాటు అంటే ఎవరు నమ్ముతారు?

"పొరపాటైంది అత్తయ్యా" అంది చివరికి.

"పొరపాటు కాదు. నాకు తెలుసు. ఆ నీలం నైటీ సంగతి ముప్పై ఏళ్ళు కడుపులో పెట్టుకున్నావు. నా తుంటి విరిగి మంచాన పడ్డాక నీకు అవకాశం చేతికందింది. కరీమున్, ఆ ఫోన్ ఇట్టా ఇయ్యి. పేరిందేవితో మాట్లాడాలి."

పేరిందేవి ఆవిడ కూతురు. అద్దంకిలో ఉంటుంది. ఫోన్‌లో ఆమె గొంతు గది బయటికి కూడా వినపడింది. "కారం పూసిందా? నీకా? ఉండమ్మా, గంటలో వస్తున్నా. నిన్ను నా దగ్గరికి తీసుకొచ్చేసుకుంటా. వదిన సంగతి ఊళ్ళో నలుగురి ముందే తేల్చుకుంటా!"

కోటేశ్వరి గోడకు ఆనుకుని నిలబడిపోయింది. పేరిందేవి తల్లిని కారెక్కించుకుని పోయిందంటే ఇక చెప్పేదేముంది? ముప్పై ఏళ్ళ క్రితం తనను 'నైటీ కోడలు' అన్న ఊరు రేపటి నుంచి 'కారం కోడలు' అంటుంది. మంచాన పడ్డ అత్తను కారం పూసి తరిమిందంటుంది. చచ్చేదాకా అంటుంది.

*

ఆ నీలం నైటీ సంగతి ఊళ్ళో పాతవాళ్ళందరికీ తెలుసు.

కోటేశ్వరి వినుకొండ పిల్ల. ఎరువుల కొట్టులో గుమస్తా కూతురు. పెళ్ళైన కొత్తలో పెట్టెలో రెండు నైటీలు తెచ్చుకుంది. నీలం మీద పసుప్పచ్చ పూలది ఒకటి తనకు ప్రాణం. వినుకొండలో వాళ్ళ వీధిలో నైటీ అంటే గొప్పింటి ఆడవాళ్ళ సోకు. దర్శి దగ్గర ఈ ఊళ్ళో నైటీ అంటే లంగా, జాకెట్టు ఒకదానికొకటి కుట్టేసిన సిగ్గులేని గుడ్డ.

ఒకరోజు పొద్దున్నే ఆ నీలం నైటీతో వాకిట్లోకొచ్చి పళ్ళు తోముకుంది. అంతే. అదే ఆవిడ చేసిన నేరం. ఎదురింటి గడపలో ఇద్దరు నవ్వారు. సుబ్బరావమ్మ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. మధ్యాహ్నం దండెం మీద నుంచి నైటీ తీసుకెళ్ళి, రోడ్డు పక్క మిరప చేలో దిష్టిబొమ్మకు తొడిగించింది.

కాయకోతకు వచ్చిన ఆడకూలీలు కడుపుబ్బ నవ్వారు. వాళ్ళందరి ఒంటిమీదా చీరల పైన మొగుళ్ళ పాత చొక్కాలు. ఎండ తగలకుండా, కారం అంటకుండా, ఇప్పటికీ అలాగే తొడుక్కుంటారు. చీర మీద మగాడి చొక్కా వేసుకుంటే ఎవరికీ నవ్వు రాదు. పిల్ల నైటీ వేసుకుంటే మాత్రం ఊరు ఊరంతా నవ్వింది. దీనికి న్యాయమేమిటో నాకైతే ఇప్పటికీ బోధపడలేదు.

పదిరోజులకు కూతుర్ని చూడ్డానికి వస్తూ కోటేశ్వరి తండ్రి బస్సు కిటికీలోంచి ఆ నైటీని చూశాడు. కొన్నది ఆయనే కాబట్టి గుర్తుపట్టాడు. వచ్చి కూర్చుని, మంచినీళ్ళు కూడా ముట్టకుండా అడిగాడు. "అమ్మాయి నైటీ చేలో ఉందేంటమ్మా?"

"చిరిగిపోయిందని మీ అమ్మాయే ఇచ్చిందండీ" అంది సుబ్బరావమ్మ తొణక్కుండా.

తండ్రి కూతురి వంక తిరిగాడు. ఇరవై ఏళ్ళ పిల్ల. "అవును నాన్నా, నేనే ఇచ్చాను" అంది. ఆ నైటీకి చిన్న చిరుగు కూడా లేదు.

ఎనిమిదేళ్ళ దాకా ఊళ్ళో ఇంకొకరు నైటీ జోలికి పోలేదు. తరవాత పురుడొచ్చిన పిల్లలు మొదలుపెట్టారు, పాలివ్వడానికి వీలని. ఆ తరవాత ఒంట్లో బాగుండని వాళ్ళు. ఆ తరవాత వాళ్ళను చూసిన వాళ్ళు. ఇప్పుడు పైన తువ్వాలు కప్పుకుంటే చాలు, రేషన్ కొట్టుకు పోవచ్చు, బడి దగ్గర పిల్లల్ని దింపొచ్చు, చావు ఇంటికి కూడా పోవచ్చు. ఆ రోజు గడపలో నవ్విన ఇద్దరిలో ఒకావిడ నైటీ తప్ప ఇంకోటి కట్టి పదేళ్ళైంది. మొన్న కోటేశ్వరి కూతురు శ్రీదివ్య మంగళగిరి ఆఫీసు నుంచి ఫొటో పంపింది, నేలదాకా వదులు గౌను. "ఇది నైటీయే కదే?" అంది నానమ్మ. "కాదు నానమ్మా, కఫ్తాన్! పార్టీకి వేసుకున్నా" అందట ఆ పిల్ల.

ఊరు మారింది. సుబ్బరావమ్మ మారలేదు. కోటేశ్వరి మాత్రం ఆ రోజు నుంచీ ఇవ్వాళ్టిదాకా మళ్ళీ నైటీ తొడగలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

*

త్రినాథ్ పెరట్లో గోడ దగ్గర నిలబడి ఆ పట్టా వంకే చూస్తున్నాడు. కోటేశ్వరి చెయ్యి కడుక్కోవడానికి వచ్చింది.

"పేరిందేవి రాగానే చెప్పెయ్. తెలీక జరిగిందని చెప్పు" అన్నాడు గొంతు తగ్గించి. "అంతేగా? కావాలని చెయ్యలేదుగా?"

"మీరు కూడా అడుగుతున్నారా?"

"అడగట్లేదే. తెలుసుకుంటున్నా."

"పొద్దున మీ అమ్మ అరవగానే నా వంక చూశారే, అప్పుడే తెలిసింది నాకు."

"ఏం చూశాను? ఇంట్లో ముసలామె ఒళ్ళు కాలి ఏడుస్తుంటే నేనేం చెయ్యాలి? నిన్ను వెనకేసుకు రావాలా?"

"ఒక్కసారి వెనకేసుకు రండి. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి."

"ఎప్పటి సంగతులో ఇప్పుడెందుకు?"

"ఎప్పటి సంగతా?" కోటేశ్వరి ముఖం ఎర్రబడింది. ఈ మాట ఎన్నిసార్లు నాలుక చివరి దాకా వచ్చి ఆగిందో! "దిష్టిబొమ్మకు నైటీ తొడిగించింది మీ అమ్మ. కర్రకు కట్టి చేలో పాతింది ఎవరు?"

త్రినాథ్ గోడ మీది పట్టా అంచు సర్దాడు.

"మీరే. గడ్డపార తీసుకెళ్ళి గుంట తవ్వి పాతారు. నేను వాకిట్లో నుంచి చూశాను."

"అమ్మ చెప్పింది. పాతాను." ఆయన కాళ్ళ వంక చూసుకున్నాడు. "అప్పుడది పెద్ద తప్పనిపించలేదే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను."

ఆ చివరి మాట చెప్పకుండా ఉంటే ఏం పోయేది ఆయన సొమ్ము! కోటేశ్వరి చెయ్యి కడుక్కోకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

*

గదిలో ఘాటు కొంచెం తగ్గింది. సుబ్బరావమ్మ వీపుకు పెరుగు రాసి, తుడిచి, కొబ్బరినూనె పట్టించింది కరీమున్. అవతల అలమరలో ఇంకో నైటీ ఉంది, రెండూ ఒకేసారి కుట్టించినవే. దాన్ని తీసి మంచం పక్కన పెట్టింది.

"ప్రమాదమే పెద్దమ్మా ఇది" అంది చేతులు తుడుచుకుంటూ. "తొందరలో ఎవరికైనా అవుద్ది. నేను ఒకసారి పచ్చిమిరపకాయల చేత్తో కళ్ళు తుడుచుకున్నా. నన్ను నేనే చంపుకోబోయానా? కోటేశ్వరి అట్టాంటి మనిషి కాదు, నీకు తెలుసు."

"ఊఁ" అంది సుబ్బరావమ్మ.

"మంట తగ్గిందా?"

"కాస్త."

"అయితే పేరిందేవికి ఫోన్ చేసి వెనక్కి పొమ్మను."

"దారిలో ఉంది. రానీ." సుబ్బరావమ్మ కోడలి వంక చూసింది. చాలాసేపు చూసింది. గొంతులో అరుపు లేదిప్పుడు. "నువ్వు పో కరీమున్. మిషన్ మీద పని వదిలేసి వచ్చావు."

కరీమున్ వెళుతూ వెళుతూ కోటేశ్వరి భుజం తట్టింది. అందరూ ఒప్పేసుకున్నారు. ప్రమాదమన్నారు. కోటేశ్వరి కూడా ఊఁ అనేస్తే అయిపోయేది. పేరిందేవి వచ్చినా నెగ్గేది కాదు. కానీ ఆ భుజం తట్టిన చోటే బరువెక్కింది మనిషికి. కూర్చోలేకపోయింది, నిలబడలేకపోయింది. కిటికీ తలుపు మూసింది, తెరిచింది. మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపింది, అటు జరిపింది.

"ఏంటే ఆ తిరుగుడు? చెప్పేదుంటే చెప్పు."

"పట్టా మీద ఆరేసింది తొందరలోనే అత్తయ్యా. అమ్మతోడు. మబ్బు చూసి, చేతిలో ఉన్నది చేతిలో ఉన్నట్టే అక్కడ పడేశాను."

"సరే."

"ఇవ్వాళ పొద్దున మడత విప్పుతుంటే భుజం దగ్గర ఎర్రగా కనిపించింది."

సుబ్బరావమ్మ తల ఇటు తిప్పింది.

"దులపాలనిపించింది. చేతిలోకి తీసుకున్నా కూడా. దులపలేదు."

పెరట్లో ఎవరో కాయలు గంపలోకి ఎత్తుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎందుకు దులపలేదు?"

"తెలీదు అత్తయ్యా." మళ్ళీ తనే తల అడ్డంగా ఊపింది. "తెలుసు. నైటీ తొడుగుతానంటే మీరు నవ్వారు. 'తే, తొడుగు, దిష్టిబొమ్మలాగా ఉంటాను, అంతేగా' అన్నారు. మీకు గుర్తుండి అన్నారో, మర్చిపోయి అన్నారో నాకు తెలీదు. ఆ మాట వినగానే నా చెయ్యి ఆగిపోయింది. ఇంత మండుతుందనుకోలేదు. కొంచెం... కొంచెం దురద పెడుతుందనుకున్నా."

చెప్పేసింది. తప్పు చేశానే అని ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే జాలి కోసం ఏడుస్తున్నట్టుంటుందని పళ్ళు బిగపట్టింది.

సుబ్బరావమ్మ కళ్ళు మూసుకుంది.

బయట కారు హారన్ మోగింది.

సుబ్బరావమ్మ కళ్ళు తెరిచింది. "ఆ రెండోది అందుకో."

కోటేశ్వరి నైటీ అందుకుంది. వంగపండు రంగుది.

"దులుపు."

"ఇది అలమరలోదే అత్తయ్యా, దీనికేం లేదు."

"దులుపు. నాకు కనపడేట్టు దులుపు."

కోటేశ్వరి దులిపింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి గుడ్డ ఫట్‌మని మోగింది. సుబ్బరావమ్మ చేతులు పైకెత్తింది. తల మీదుగా నైటీ దించి, మెల్లగా వీపు మీద సర్ది, బొత్తాలు పెట్టింది కోటేశ్వరి. చివరి బొత్తం పెట్టేసరికి తలుపు దభాలున తెరుచుకుంది.

పేరిందేవి. కోపంతో ముక్కుపుటాలు అదురుతున్నాయి. చేతిలో కారు తాళాలు, మెడలో గొలుసు, ఒంటిమీద నైటీ. పైన చున్నీ. ఫోన్ రాగానే ఉన్నపళంగా కారెక్కినట్టుంది. అద్దంకి నుంచి దర్శి మీదుగా అలాగే వచ్చేసింది, ఎవరూ వెనక్కి తిరిగి చూసినట్టు కూడా లేదు.

సుబ్బరావమ్మ కూతురి వంక తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"అమ్మా! ఏదీ, వీపు చూపించు! వదినా, నువ్వు పక్కకు జరుగు. ఇంత పని చేస్తావా? మా అమ్మ నోరు మంచిది కాకపోవచ్చు, మంచాన పడ్డ మనిషికి కారం పూస్తావా?"

కోటేశ్వరి నోరు తెరవబోయింది.

"కారం ఎవరు పూశారే?" అంది సుబ్బరావమ్మ.

"నువ్వేగా ఫోన్‌లో చెప్పావు!"

"మంటలో ఏదో అన్నాను. ఒళ్ళు మండుతుంటే పాటలు పాడతారా? పట్టా మీద ఆరెయ్యమని చెప్పింది నేనే. మబ్బు పట్టిందని, త్వరగా ఆరుతుందని నేనే చెప్పా. అది వద్దనే అంది."

పేరిందేవి తల్లినీ వదిననూ మార్చి మార్చి చూసింది. "నువ్వా? నీకు తెలీదా పట్టా సంగతి?"

"ముసలిదాన్ని, మర్చిపోయా. అంత దూరం నుంచి వచ్చావు, ఏమన్నా తిన్నావా? పో, పోయి మీ అన్నను కాఫీ తాగాడేమో అడుగు. పొద్దున్నుంచి పెరట్లో నక్కి కూర్చున్నాడు."

నమ్మిందో లేదో, పేరిందేవి గొణుక్కుంటూ బయటికి పోయింది.

కోటేశ్వరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంచం పట్టె పట్టుకుని కింద కూర్చుంది. "అత్తయ్యా..." అని అత్త చెయ్యి అందుకోబోయింది.

సుబ్బరావమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ కోసం అనలేదు. ఆ రోజు మీ నాన్న ముందు 'నేనే ఇచ్చాను' అన్నావు. నేను మర్చిపోలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అది ఇవ్వాళ్టితో తీరింది."

కోటేశ్వరి తలెత్తింది.

"ఇవ్వాళ నువ్వు చేసింది వేరు. అది మనిద్దరి మధ్యా ఇంకా తేలలేదు" అంది సుబ్బరావమ్మ. "లేచి ఆ తలుపు గడియ పెట్టిరా."